రెండు వ్యాగన్ల మధ్య మనిషి

గంటకు 300 కిలోమీటర్ల వేగంతో ప్యాసింజర్ రైళ్లు పరుగెత్తే యూరప్‌లో, గూడ్స్ రైలు వ్యాగన్లను ఇప్పటికీ మనిషే చేత్తో తగిలిస్తున్నాడు. రైల్వే టెక్నాలజీ అనగానే పొడుగు ముక్కు రైళ్లు, హైడ్రోజన్, బ్యాటరీలు, అయస్కాంత బలంతో తేలుతూ పరుగెత్తే మాగ్లెవ్ గురించి మాట్లాడుకుంటాం. జపాన్‌లో 2015లో మాగ్లెవ్ రైలు గంటకు 603 కిలోమీటర్ల వేగం అందుకుందంటే ప్రపంచమంతా వార్త అయింది. గూడ్స్ వ్యాగన్ కొక్కెం గురించి ఎవరూ పెద్దగా రాయరు. నన్నడిగితే మాత్రం, ప్రపంచ రైల్వే పరిశ్రమను అర్థం చేసుకోవడానికి ఆ కొక్కేన్ని మించిన దారి లేదు. సిగ్నళ్లు, బ్రేకులు, కంపెనీల గొడవలు, ప్రభుత్వాల డబ్బు అన్నీ వచ్చి అక్కడే ముడిపడతాయి.

ముందు ఆ పనిని దగ్గర నుంచి చూద్దాం. వ్యాగన్ చివర, సరిగ్గా మధ్యలో, పెద్ద ఇనుప కొక్కెం ఉంటుంది. దానికి ఒక లింకు వేలాడుతూ ఉంటుంది, ఆ లింకు మధ్యలో మర ఉంటుంది. రెండు పక్కలా తాకిడిని తట్టుకునే పళ్లెమంత బఫర్లు. ఇంజిన్ వెనక్కి నెట్టగా రెండు వ్యాగన్ల బఫర్లు ఒకదానికొకటి ఆనతాయి. పనివాడు నడుం వంచి, బఫర్ కింద నుంచి లోపలికి దూరతాడు. లోపల ఒక మనిషి నిలబడేంత చోటు మాత్రమే ఉంటుంది. ఆ చోటు వదిలి తీరాలని నిబంధనల్లోనే రాసుకున్నారు, జర్మన్ రైల్వే వాళ్లు దాన్ని 'బెర్నర్ రౌమ్' అంటారు. అక్కడ నిలబడి దాదాపు 20 కిలోల లింకును ఎత్తి అవతలి వ్యాగన్ కొక్కేనికి వేస్తాడు. మర పిడి పట్టుకుని, బఫర్లు గట్టిగా నొక్కుకునేదాకా తిప్పుతాడు. బ్రేకు గొట్టాల మూతులు కలుపుతాడు, అటూ ఇటూ కాక్‌లు (గాలి కుళాయిలు) తెరుస్తాడు, గాలి బుస్సుమంటూ పారుతుంది. మళ్లీ వంగి బయటికొస్తాడు.

ఇదంతా ఒక్క జాయింటుకే. 30 వ్యాగన్ల రైలుకు ఇంజిన్‌తో కలిపి ఇలాంటివి 30. వానైనా మంచైనా, అర్ధరాత్రి నెత్తిన లైటు పెట్టుకునైనా చేయాల్సిందే. రోజంతా అదే వంగడం, అదే ఎత్తడం. నడుం, భుజాలు ఎన్నాళ్లు నిలుస్తాయి? ఈ పనికి కొత్తవాళ్లు దొరకడం లేదని యూరప్ రైల్వే కంపెనీలు వాపోతున్నాయంటే ఆశ్చర్యమేముంది.

తగిలించగానే రైలు బయల్దేరదు. బ్రేకు పరీక్ష ఉంటుంది. గూడ్స్ వ్యాగన్లో కరెంటు ఉండదు, ఇంజిన్ నుంచి చివరి వ్యాగన్ దాకా ఒక్క వైరు కూడా పోదు. అన్నిటినీ కలిపేది గాలి పైపొక్కటే. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1870ల మొదట్లో రూపమిచ్చిన సూత్రం ఇవాళ్టికీ అదే: పైపులో గాలి ఒత్తిడి నిండుగా ఉంటే బ్రేకులు వదులుతాయి, ఒత్తిడి తగ్గితే పడతాయి. పైపు తెగితే రైలు దానంతటదే ఆగిపోతుంది. అద్భుతమైన ఆలోచన. కానీ ఫలానా వ్యాగన్లో బ్రేకు నిజంగా పట్టిందా లేదా అన్నది డ్రైవరుకు తెలిసే మార్గం లేదు. అందుకని ఒక మనిషి రైలు పొడవునా నడుస్తూ, బ్రేకు పడిందో లేదో వ్యాగన్ వ్యాగన్‌కూ చూస్తాడు. తర్వాత వదిలిందో లేదో చూస్తాడు. యూరప్ ప్రధాన మార్గాల్లో లక్ష్యంగా పెట్టుకున్న రైలు పొడవు 740 మీటర్లు. పోయి రావడమంటే దాదాపు కిలోమీటరున్నర నడక.

గాలి పైపుకు ఇంకో పరిమితి ఉంది. డ్రైవరు బ్రేకు వేసిన సంగతి పైపులో సెకనుకు సుమారు 250 మీటర్ల చొప్పున వెనక్కి పాకుతుంది. 740 మీటర్ల రైల్లో చివరి వ్యాగన్‌కు అది చేరేసరికి దాదాపు మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లూ ముందు వ్యాగన్లు ఆగాలని చూస్తుంటే వెనకవి వాటిని నెడుతూ ఉంటాయి. ఆ ఒత్తిడికి భయపడే, బరువైన గూడ్స్ రైళ్లలో బ్రేకు మెల్లగా పట్టేలా పెడతారు. మెల్లగా పట్టే బ్రేకంటే ఎక్కువ దూరంలో ఆగే రైలు. అందుకే వేగం తగ్గించుకోవాలి, ముందు రైలుకు దూరంగా ఉండాలి. ఒక వైరు లేకపోవడం వల్ల ఎన్ని వచ్చి మీద పడుతున్నాయో చూడండి.

మిగతా ప్రపంచం ఏం చేసింది?

అమెరికాలో 19వ శతాబ్దంలో ఇంతకన్నా ఘోరమైన పద్ధతి ఉండేది. వ్యాగన్ దగ్గరకొస్తుంటే మనిషి మధ్యలో నిలబడి, లింకును చేత్తో పట్టుకుని అవతలి గూట్లోకి పోనిచ్చి, పైనుంచి పిన్ను వేయాలి. క్షణం తడబడితే వేళ్లు పోయేవి, ఒక్కోసారి ప్రాణమే పోయేది. వేళ్లు లేని చేతిని చూసి వీడు పాత కాపే అని గుర్తుపట్టేవారట. ఈలై జానీ అనే ఆయన 1873లో పేటెంట్ తీసుకున్న కప్లర్ (వ్యాగన్లను కలిపే పరికరం) దీనికి మందు. రెండు చేతుల వేళ్లూ వంచి ఒకదానిలో ఒకటి తగిలించినట్టు, వ్యాగన్లు తాకగానే దానంతటదే పట్టుకుంటుంది. విడదీయడానికి పక్కనుంచి ఒక కడ్డీ లాగితే చాలు.

మందు 1873లో దొరికింది, రోగం మాత్రం మరో పాతికేళ్లు సాగింది. ఒక కంపెనీ మార్చి, పక్క కంపెనీ మార్చకపోతే ఆ వ్యాగన్లు కలవవు. ఎవరికి వారు ఎదుటివాడి కోసం ఎదురుచూశారు. పనికొచ్చే వృత్తి చేసుకునే కార్మికులకు యుద్ధంలో సైనికుడికున్నంత ప్రాణభయం ఉండటం మన నాగరికతకే మచ్చ అని అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ 1889లో కాంగ్రెస్‌కు రాశాడు. 1893 మార్చిలో ఆయనే చట్టం మీద సంతకం పెట్టాడు: మనిషి మధ్యలోకి పోనక్కర్లేకుండా తగిలే, విడిపోయే కప్లర్లు ఉండి తీరాలి. గడువు 1898 అన్నారు, అది కాస్తా 1900 దాకా జరిగింది. ఆ తర్వాతే ఆ చావులు, ఆ అవిటితనం బాగా తగ్గాయి. ఇక్కడ ఒక సంగతి మరచిపోకూడదు. జానీ కప్లర్ తలకట్టు ఆకారం మీద పేటెంట్ హక్కు వదులుకున్నారు కాబట్టే దాన్ని వ్యాగన్ తయారీదారుల సంఘం ప్రమాణంగా తీసుకోగలిగింది. ఎవరైనా చేయొచ్చు, అందరివీ ఒకదానికొకటి పట్టాలి, అంతే. దీని అవసరం మళ్లీ వస్తుంది.

జపాన్ కథంటే నాకు మరీ ఇష్టం. అక్కడ కూడా యూరప్ లాగే మర తిప్పి బిగించే స్క్రూ కప్లింగ్, బఫర్లే ఉండేవి. ప్రభుత్వ రైల్వే ఏళ్ల తరబడి సన్నాహాలు చేసింది. ప్రతి వ్యాగన్‌కూ దాని కొత్త కప్లర్లను ముందే దాని అడుగున వేలాడదీశారు. అంటే మార్చే రోజున వ్యాగన్ దేశంలో ఏ మూలనున్నా దాని సామాను దానితోనే ఉంటుంది. సిబ్బందికి రిహార్సళ్లు పెట్టారు. 1925 జూలై 17న ప్రధాన దీవి హొన్షూలో గూడ్స్ రైళ్లన్నీ ఆపేశారు. ఒక్క పగటి పూటలో పాతవి విప్పి కొత్తవి బిగించారు. మూడు రోజుల తర్వాత క్యూషూ దీవిలో అదే చేశారు. ఇంజిన్లను, ప్యాసింజర్ బోగీలను దానికి అటూ ఇటూ రోజుల్లో మార్చుకున్నారు. కంప్యూటర్లు లేవు, సెల్‌ఫోన్లు లేవు. పదివేల చేతులు ఒకే రోజు ఒకే పని చేయడానికి ఏం కావాలో అవి మాత్రం ఉన్నాయి: ఒకే యజమాని, ఒకే ఆర్డరు.

సోవియట్ యూనియన్ ఇంకో దారిలో వెళ్లింది. ఎస్ఏ-3 అనే కప్లర్‌కు 1930ల మధ్యలో మారడం మొదలుపెట్టి 1957 నాటికి ముగించింది. మధ్యలో యుద్ధం వచ్చింది. రెండు దశాబ్దాలకు పైగా పాతా కొత్తా పక్కపక్కన నడిచాయి. నిదానమే అయినా అక్కడా యజమాని ఒక్కరే.

యూరప్ ఎందుకు ఆగిపోయింది?

ప్రయత్నించలేదనుకుంటే పొరపాటు. అంతర్జాతీయ రైల్వే సమాఖ్య యూఐసీ, తూర్పు యూరప్ రైల్వేల సంస్థతో కలిసి 1960లు, 70లలో ఆటోమేటిక్ కప్లర్ తయారు చేసింది. అప్పుడు పడమటి దేశాలకూ కమ్యూనిస్టు దేశాలకూ మధ్య 'ఇనుప తెర' అనే రాజకీయ గోడ ఉంది, అయినా ఈ విషయంలో రెండు వైపులా కలిసి పనిచేశాయి. మార్చే తేదీ మీద మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు. ఒక దేశం దగ్గర డబ్బుంటే ఇంకో దేశం దగ్గర లేదు. తేదీ జరుగుతూ జరుగుతూ చివరికి ఎవరూ దాని మాట ఎత్తడం మానేశారు. స్వీడన్, నార్వేల మధ్య కిరూనా నుంచి నార్విక్ వెళ్లే ఇనుప ఖనిజం లైను లాంటి చోట్ల మాత్రం బరువు తట్టుకోవడానికి ఆటోమేటిక్ కప్లర్లు పెట్టుకున్నారు. ఆ వ్యాగన్లు వేరే రైళ్లలో కలవాల్సిన పని లేదు కాబట్టి వాళ్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అప్పుడు కనీసం ఒక్కో దేశానికి ఒక్కో రైల్వే ఉండేది. ఇప్పుడు చిక్కు ఇంకా పెరిగింది. యూరప్‌లో సుమారు నాలుగున్నర నుంచి ఐదు లక్షల గూడ్స్ వ్యాగన్లున్నాయి. వాటిలో చాలా భాగం వీటీజీ, జీఏటీఎక్స్, ఎర్మెవా లాంటి అద్దె కంపెనీలవి. రైలు నడిపేది వేరే కంపెనీ. పట్టాలు ఇంకొకరివి. కప్లర్ మారిస్తే ఖర్చు వ్యాగన్ యజమానికి. మనుషుల పని తగ్గి, యార్డులో గంటలు మిగిలి లాభపడేది రైలు నడిపేవాడు. ఎక్కువ రైళ్లు పట్టి లాభపడేది పట్టాల యజమాని. రోడ్డు మీద లారీలు తగ్గి లాభపడేది ప్రజలు. ఖర్చు ఒకరిది, ఫలం ముగ్గురిది అయితే ఆ ఒకరు ఎందుకు జేబులో చెయ్యి పెడతారు?

రైలు నడిపేవాళ్లలోనూ అందరి అవసరం ఒకటి కాదు. గని నుంచి ఫ్యాక్టరీకి ఒకే రకం సరుకుతో పోయి వచ్చే రైలును ఎవరూ మాటిమాటికీ విడదీయరు. వాళ్లకు కొత్త కప్లర్ వల్ల కలిసొచ్చేది తక్కువ. ఒక కంపెనీ నుంచి రెండు వ్యాగన్లు, ఇంకో కంపెనీ నుంచి మూడు సేకరించి, హాంబర్గ్ దగ్గరి మాషెన్ లాంటి పెద్ద యార్డులో విడదీసి, దారుల వారీగా మళ్లీ కూర్చే వ్యాపారానికి మాత్రం ఇది చావుబతుకుల సమస్య. ఆ వ్యాపారమే లారీల ముందు ఏళ్ల తరబడి ఓడిపోతోంది. యూరోపియన్ యూనియన్‌లో నేల మీద సాగే సరుకు రవాణాలో రైలు వాటా ఆరో వంతు దగ్గరే ఆడుతోంది.

ఈసారి తెస్తున్నదాని పేరు డిజిటల్ ఆటోమేటిక్ కప్లర్, ముద్దుగా డాక్. ఆలస్యమైనందుకు ఒక మేలు జరిగింది. అమెరికా, రష్యా, జపాన్ దేశాలు తెచ్చుకున్నవి ఇనుమును మాత్రమే కలిపాయి, గాలి గొట్టం మళ్లీ చేత్తోనే కలపాలి. డాక్ ఒక్క తాకుడుతో ఇనుమును, గాలి పైపును, కరెంటును, డేటా లైనును కలుపుతుంది. దానిలోనే పై రకానికి దూరం నుంచి విడదీసే సదుపాయం కూడా ఉంటుంది. జర్మన్, స్విస్, ఆస్ట్రియా రైల్వే కంపెనీలు, వ్యాగన్ అద్దె కంపెనీలు కలిసి నాలుగు నమూనాలను పరీక్షించాక, 2021లో షార్ఫెన్‌బెర్గ్ రకం ఎంచుకున్నారు. ఒకవైపు శంకువు, పక్కనే గరాటు. ఒకరి శంకువు ఎదుటివారి గరాటులోకి జారి లోపలి కొక్కెం తిరిగి పట్టుకుంటుంది. కార్ల్ షార్ఫెన్‌బెర్గ్ దీన్ని 1903లో కనిపెట్టాడు. మెట్రో రైళ్లలో, హైస్పీడ్ రైళ్లలో ఎప్పటి నుంచో ఉంది. అంటే ప్యాసింజర్ రైలుకు వందేళ్ల కింద దొరికింది గూడ్స్ రైలుకు ఇప్పుడు దొరకబోతోంది.

ఒక వైరు వస్తే ఏం మారుతుంది?

బ్రేకు పరీక్ష కోసం నడక తప్పుతుంది, ప్రతి వ్యాగన్ తన బ్రేకు సంగతి తానే చెబుతుంది. కరెంటుతో బ్రేకు వేస్తే ముందూ వెనకా అన్నీ ఒకేసారి పడతాయి. ఇవి అందరికీ తెలిసే లాభాలు. నాకు అసలు పెద్దదిగా కనిపించేది సిగ్నళ్లకు సంబంధించినది.

యూరప్‌లో దేశానికో సిగ్నల్ పద్ధతి పెరిగింది. పారిస్, బ్రసెల్స్, కొలోన్, ఆమ్‌స్టర్‌డామ్ మధ్య నడిచిన థాలిస్ రైళ్లలో ఏడు వేర్వేరు సిగ్నల్ వ్యవస్థల పరికరాలు అమర్చాల్సి వచ్చింది. ఈ గందరగోళానికి జవాబుగా వచ్చిందే ఈటీసీఎస్ అనే ఉమ్మడి వ్యవస్థ. డ్రైవరు ముందున్న తెర మీదే ఎంత దూరం, ఎంత వేగంతో వెళ్లొచ్చో కనిపిస్తుంది. దాని అత్యున్నత దశలో, ఒక్కో సెక్షన్‌లో ఒక్కో రైలే ఉండేలా పట్టాలను సెక్షన్లుగా విడగొట్టనక్కర్లేదు. ముందు రైలు తోక ఎక్కడుందో తెలిస్తే, వెనక రైలు బ్రేకు దూరం వదిలి దాని వెనకే రావచ్చు. అవే పట్టాల మీద ఎక్కువ రైళ్లు పడతాయి, కొత్త లైను వేయనక్కర్లేదు.

కానీ తోక ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? రైలు ముందు భాగం ఎక్కడుందో ఇంజిన్‌కు తెలుసు. హైస్పీడ్ రైల్లో చివరిదాకా వైర్లున్నాయి కాబట్టి రైలంతా తన వెంటే ఉందని కూడా తెలుసు. గూడ్స్ రైల్లో ఎక్కడో కప్లింగ్ తెగి పది వ్యాగన్లు వెనక మిగిలిపోతే? గాలి పైపు తెగి రైలు ఆగుతుంది, నిజమే. కానీ ఎన్ని వ్యాగన్లు ఎక్కడ నిలిచాయో ఇంజిన్‌లోని కంప్యూటర్‌కు తెలియదు. ఆ ఒక్క అనుమానం కోసమే పట్టాల పొడవునా ఆక్సిల్ కౌంటర్లు ఉంచుకోవాల్సి వస్తోంది. సెక్షన్‌లోకి ఎన్ని ఇరుసులు వచ్చాయి, ఎన్ని పోయాయి అని లెక్కపెట్టే పరికరాలవి. వందల కోట్ల యూరోలతో పెట్టుకున్న డిజిటల్ సిగ్నల్ వ్యవస్థ పూర్తి సామర్థ్యం అందుకోలేకపోవడానికి ఒక కారణం, దాని మీద నడిచే గూడ్స్ రైలుకు తన తోక ఉందో లేదో తెలియకపోవడం. డాక్‌లోని డేటా లైను ఆ లోటు తీరుస్తుంది. ఈ ముడి సంగతి తెలియకపోతే, ఒక కొక్కెం మార్చడానికి ఇంత డబ్బా అనిపిస్తుంది.

ఇక దీన్ని ఎవరు అమ్ముతారన్నది ఇంకో తలనొప్పి. రైల్వే పరిశ్రమలో కంపెనీలు ఒక్కొక్కటిగా కలిసిపోతున్నాయి. 2015లో చైనాలో రెండు కంపెనీలు కలిసి సీఆర్ఆర్‌సీ అయింది, ప్రపంచంలో అదే అతిపెద్దది. దానికి పోటీగా అంటూ సీమెన్స్, ఆల్‌స్టామ్ తమ రైలు వ్యాపారాలను కలపబోతే 2019 ఫిబ్రవరిలో యూరోపియన్ కమిషన్ ఒప్పుకోలేదు. సిగ్నళ్లలో, హైస్పీడ్ రైళ్లలో కొనేవాళ్లకు వేరే దిక్కుండదన్నది దాని భయం. తర్వాత 2021లో బంబార్డియర్ రైలు వ్యాపారాన్ని ఆల్‌స్టామ్ కొనుక్కుంది. ఇలాంటి మార్కెట్లో, ఐదు లక్షల వ్యాగన్లకు ఒకే కంపెనీ కప్లర్ అంటే 40 ఏళ్లు వాళ్ల చేతిలో జుట్టు పెట్టినట్టే. అందుకని వేర్వేరు కంపెనీలు చేసినా తలలు, కరెంటు కాంటాక్టులు, డేటా భాష ఒకదానికొకటి కచ్చితంగా పట్టాలని పట్టుబడుతున్నారు. జానీ కప్లర్ విషయంలో ఆకారం ఒకటే కుదిరితే సరిపోయింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా కుదరాలి, అది మరింత కష్టం. నా లెక్కలో ఇనుము పనికన్నా ఈ ఒప్పందమే ఆలస్యానికి పెద్ద కారణం.

ఒకే యజమాని ఉన్నచోట ఎలా ఉంటుందో చూడాలంటే ఆస్ట్రేలియాలోని పిల్‌బరాకు వెళ్లాలి. అక్కడ ఇనుప ఖనిజం తవ్వే కంపెనీలదే గని, వాళ్లవే పట్టాలు, వాళ్లవే వ్యాగన్లు, ఓడరేవు కూడా వాళ్లదే. 2001 జూన్‌లో బీహెచ్‌పీ అక్కడ 682 వ్యాగన్లతో, 7 కిలోమీటర్లు దాటిన పొడవుతో, దాదాపు లక్ష టన్నుల రైలు నడిపింది. ఎనిమిది ఇంజిన్లను రైలు పొడవునా పంచి పెట్టి ఒకే డ్రైవరు నడిపాడు. కరెంటు బ్రేకులు అక్కడ మామూలైపోయాయి. రియో టింటో 2018 నుంచి డ్రైవరు లేకుండానే ఖనిజం రైళ్లు పంపుతోంది. వాళ్లెవరూ పక్కవాడి వ్యాగన్ గురించి ఆలోచించాల్సిన పనే లేదు.

అమెరికాలో అదే కరెంటు బ్రేకు ముందుకు సాగలేదు. 2013లో కెనడాలోని లాక్-మెగాంటిక్‌లో చమురు రైలు దొర్లి వచ్చి ఊరి నడిబొడ్డున పేలి 47 మంది చనిపోయాక, మండే సరుకు మోసే కొన్ని రైళ్లకు ఈ బ్రేకులు పెట్టాలని అమెరికా ప్రభుత్వం 2015లో నిబంధన తెచ్చింది. ఖర్చుకు తగ్గ ఫలం లేదని 2018లో దాన్ని వెనక్కి తీసుకుంది. అక్కడి వ్యాగన్లు కంపెనీ నుంచి కంపెనీకి చేతులు మారుతూ ఖండమంతా తిరుగుతాయి. కొన్నిటికి పెట్టి కొన్నిటికి పెట్టకపోతే పని జరగదు. 1873 నాటి ఎదురుచూపే మళ్లీ వచ్చి కూర్చుంది. లాభనష్టాల లెక్క ఏదైనా, ఆ వెనక్కి తీసుకోవడం పొరపాటని నేను అనుకుంటాను.

మళ్లీ యూరప్‌కొస్తే, డాక్ ఉన్న వ్యాగన్‌ను కొక్కెం ఉన్న వ్యాగన్‌కు నేరుగా తగిలించలేరు. ఇంజిన్‌కు రెండు రకాలూ పట్టే ఏర్పాటు చేయొచ్చు, మధ్యలో ఒక చివర ఇదీ మరో చివర అదీ ఉన్న వ్యాగన్ పెట్టొచ్చు. లక్షల వ్యాగన్లకు ఈ సర్దుబాటు కుదరదు. జపాన్ లాగా ఒక్క రోజులో మార్చడమూ కుదరదు. వ్యాగన్లు ఇరవై పైచిలుకు దేశాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి, అంతమందికి కలిపి ఆర్డరు వేసే అధికారి లేడు. మిగిలింది మధ్య దారి: ఎప్పుడూ కలిసి తిరిగే వ్యాగన్లను గుంపులుగా మార్చుకుంటూ, కొన్నేళ్లలో ముగించడం. స్విట్జర్లాండ్‌లో ఎస్‌బీబీ కార్గో 2019లోనే దేశం లోపల తిరిగే సుమారు 100 వ్యాగన్లకు, కొన్ని ఇంజిన్లకు ఆటోమేటిక్ కప్లర్లు బిగించి మొదలుపెట్టింది. తన సొంత వ్యాగన్లు, తన సొంత రూట్లు కాబట్టి అది చేయగలిగింది.

వ్యాగన్ డ్రాయింగుల్లో ఒక విశేషం ఉంది. 1960ల్లో కొత్త కప్లర్ రాబోతోందన్న నమ్మకంతో యూఐసీ ఒక నియమం పెట్టింది: ఇకపై చేసే వ్యాగన్ల చివర, కొక్కెం వెనక, ఆటోమేటిక్ కప్లర్ ఇమిడేంత చోటు ఖాళీగా వదలాలి, దాని లాగుడును తట్టుకునేలా చట్రం బలంగా ఉండాలి. ఇంజినీర్లు ఆ నియమం పాటిస్తూ వచ్చారు. ఆ రోజుల్లో తయారైన వ్యాగన్లు 40 ఏళ్లు సరుకు మోసి తుక్కు కింద పోయాయి. ఆ చోటు మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉంది.